నాలుగు కిటికీలు

పలమనేరు గుడ్ల కేంద్రంలో
మైక్రోస్కోపు గది తలుపు పక్కన
అద్దం పెట్టెలో ఒక పురుగు ఉండేది.
పురుగంటే చెంగల్రాయుడు సారుకు కోపం.
"చిలక అనాల మునిరత్నా, పట్టుచిలక.
దక్షిణ అమెరికా అడివిది."

ఎండిన కుంకుడుకాయ రంగు,
అంచున రొంత గులాబి,
నా అరచెయ్యి చాలనంత రెక్కలు.
ఒక్కో రెక్క నడుమ మూడు మూలల గాజుపెంకు.
గాజు కాదంట. అక్కడ పొడి లేదంట, అంతే.
ఆ నాలుగు చోట్లా రంగెయ్యడం మర్చిపోయినారో,
వెలుతురు రానీమని వదిలినారో
సారుకూ తెలీదు.

మా చిలకలు తెల్లగా, బొద్దుగా,
ఎగరడం మరిచి ఎన్ని వేల ఏండ్లో.
పొద్దున్నే గూడు తడిపి చిల్లి పెట్టుకొని వస్తాయి.
మొగదాన్నీ ఆడదాన్నీ కలపడం నా పని.
మధ్యాన్నానికి విడదీయడం నా పని.
ఆడదాన్ని కాగితం మీద పెట్టి గరాటు బోర్లిస్తే
రాత్రంతా గుండ్రంగా తిరిగి గుడ్లు పెడతాది.
తెల్లారి దాన్ని కల్వంలో నూరడం నా పని.
ఒక చుక్క గాజుబిళ్ళ మీద.
సారు ఒక కన్ను మూసి చూస్తాడు:
తల్లిలో రోగముంటే గుడ్లు పొయ్యిలోకి,
లేకుంటే కుప్పానికి, పుంగనూరుకు, బైరెడ్డిపల్లికి.
తల్లులను నేను లెక్కపెట్టలే,
కూలి లెక్కపెట్టుకున్నా.

కరెంటు పోయిన మధ్యాన్నాల్లో సారు చెప్పేవాడు
అద్దంలోదాని కత.
గుడ్డులోంచి వస్తానే పెంకు తింటుందంట,
అమ్మ పెట్టిన ముద్ద అదొక్కటే.
తర్వాత ఆకు, ఆకు, ఆకు.
మన పురుగుల మాదిరే జ్వరాలు,
జ్వరానికొక చర్మం విడిచి
కడాకు బొటనవేలంత లావు,
పచ్చటి ఒంటికి తెల్ల వార్లు.
గూడు కట్టే ముందు
ఆకు కాడను కొమ్మకు పట్టుతో చుట్టి ముడేస్తుందంట,
ఆకు రాలినా ఇల్లు రాలకుండా.
"ఎవురు నేర్పినారు సార్?"
"నీకు జడెయ్యడం ఎవురు నేర్పినారు?"
"మా అమ్మ. దానికి అమ్మే కనపడదు గదా సార్."
ఆయన మాట్లాడలే.

వానల్లేని నెలలన్నీ వేలాడి
తొలి తడికి బయటికొస్తుంది.
తినే నోరుండదు. మనవాటికీ అంతే.
ఆడది కొమ్మ పట్టుకొని వాసన వదిలితే
చింతాకు రెబ్బల మాదిరి మీసాలతో మొగది
చీకట్లో మైళ్ళు దాటి వస్తుంది.
కలపడానికి మనిషి అక్కర్లే.
విడదీయడానికీ అక్కర్లే.
వారం దినాలకు రెక్కలు చీలికలై
అదే రాలిపోతుంది.

నిరుడు కార్తీకంలో పెట్టెలోకి చీమలు దూరినాయి.
ఒళ్ళంతా మోసుకుపోయి రెక్కలు వదిలేసినాయి.
పారెయ్ అన్నాడు సారు,
రిటైరుకు రెండు నెల్లుంది ఆయనకు.
ఒక రెక్క కాగితంలో చుట్టి
క్యారియర్ పైగిన్నెలో పెట్టుకున్నా.

రాత్రి ట్యూబులైటు కింద
ఆ కిటికీలోంచి చూసినా.
అమెరికా ఏం అగుపడలే.
నూరి నూరి గోరరిగిన నా వేలు,
గోడ మీద బల్లి,
ఆయాసానికి డాక్టరిచ్చిన నీలం పంపు.
ఇరవై ఏండ్ల రెక్కల పొడి నా రొమ్ములో ఉండాది.
దగ్గినప్పుడు మాత్రం అవి ఎగరతాయి.

తెల్లారి రెండొందల పదకొండో గరాటు ఎత్తి
ఆ తల్లిని కల్వంలో వెయ్యలే.
కిటికీ గట్టు మీద పెట్టినా.
పరీక్ష కాని తల్లి గుడ్లు రైతుకు పోకూడదు,
ఆ రూలు నాకు తెలుసు.
దాని గుడ్లున్న ముక్క కత్తిరించి
నా చేత్తోనే పొయ్యిలో వేసినా.
నాలుగొందలుంటాయేమో,
చిటచిటమన్నాయి.

అది ఎగరలే.
గట్టు మీద గుండ్రంగా తిరుగుతా
ఐదు దినాలు బతికింది.
ఆరోదినం చీమలొచ్చినాయి.